ఊగే వెనక చక్రం

కొవ్వూరులో ఒక ఇంటి వాకిట్లో, విడిభాగాలు తెప్పించి రెండేళ్లుగా ఆ ఇంటాయన సొంతంగా బిగించుకున్న కారు జాకీ మీద ఉంది. ఊగుతున్న వెనక చక్రాన్ని మూడోసారి విప్పి, ఆయన నేల మీద చతికిలబడ్డాడు.

"టైరు మార్చాను, రిమ్ము మార్చాను. ఇక నావల్ల కాదే. రేపు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను" అన్నాడు భార్యతో.

"అంతమాట అనకండి."

"ఇదేంటి? చక్రం బిగించే ఈ హబ్బు మీద తుప్పనుకున్నాను. గోకితే పచ్చగా రాలుతోంది. చక్రం సరిగ్గా కూర్చోకుండా ఇదే అడ్డుపడుతోంది."

"పసుపండి. బిగించేముందు నేనే మెత్తాను."

"చక్రం లోపలా? నాలుగింటికీనా?"

"ఒక్కదానికే. మిగతా మూడూ నన్ను పిలవకుండానే బిగించేశారుగా."

ఆయన హబ్బు శుభ్రంగా తుడిచాడు.

"ఇదిగో పానా. నువ్వే బిగించు."

"నాకు చేతకాదండీ."

"చక్రం నేను పట్టుకుంటాను. పసుపు మాత్రం ఈసారి పైన రాయి."