కార్డు వెనకవైపు

కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేయమంటే చేయను, ముందే చెప్తున్నా. నిన్న పొద్దుటినుంచీ మూతి బిగించుకుని ఈ మేడమీద కుర్చీలో కూర్చున్నారు, కింద ప్రెస్సులో నేనేదో హత్య చేసినట్టు. ఏం చేశానండీ? పెళ్ళికార్డులు అచ్చు వేశాను. అంతేగా?

సరే, మాట్లాడకండి. కాపురం మొదలైన దగ్గర్నుంచీ ఇంట్లో మాట్లాడే పని నాదే. ఇవాళ కొత్తగా వచ్చిపడిన కష్టమేం లేదు.

ఆ లాయరమ్మాయి కార్డుల కోసం వస్తే మీరేమన్నారు? "అక్షరం కాగితాన్ని తాకి పోవాలమ్మా. గుంటలు పడేట్టు నొక్కడం పనితనం కాదు, గుద్దులాట" అనేసి మెట్లెక్కి వచ్చేశారు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. నాకేమో నవ్వొచ్చింది. ఎందుకంటారా? ఆ మాట నేను పెళ్ళైన కొత్తలోనే విన్నాను కాబట్టి.

మొదటిసారి నన్ను ఆ ట్రెడిల్ మిషను కాలితో తొక్కనిచ్చారు, గుర్తుందా? కాగితం కింద పెట్టే అట్టలు నన్నే సర్దుకోమన్నారు. ఒక్క కాగితం తీశాను. మీరు దాని మొహమైనా చూడలేదు. తిరగేసి, గుంటలు తేలాయేమోనని వెనకవైపు బొటనవేలితో తడిమి, "నీ చెయ్యి మోటు" అన్నారు. అంతే, ఆ రోజునుంచీ మిషను తుడవడం, కార్డులు కట్టలు కట్టడం, అవే నా పనులు. కొత్త పెళ్ళాం బుగ్గనైనా అంత శ్రద్ధగా తడిమారా అంటే... పోనీలెండి, ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఇప్పుడు తమాషా చూడండి. జనానికి ఆ మోటుతనమే కావాలట. కాగితం కింద అట్ట ఇంకోటి ఎక్కువ పెట్టి, దళసరి కార్డు మీద నొక్కి ఆ పిల్ల చేతికిచ్చాను. కళ్ళు మూసుకుని తన పేరు మీద వేలు నడిపించింది. కాబోయే మొగుడి పేరు మీద కూడా నడిపించింది, అక్కడ ఇంకాస్త నిదానంగా. "ఎవరో కూర్చుని నాకోసమే చేసినట్టుంది ఆంటీ" అంది.

నున్నగా ఎవరైనా వేస్తారండీ ఇప్పుడు. ప్రతి ఆఫీసులోనూ ఓ మూల ప్రింటరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుందే, అది కూడా వేస్తుంది. మీరు జీవితమంతా వేళ్ళు నల్లగా చేసుకుని సాధించిన నునుపు, అది పుడుతూనే తెచ్చుకుంది.

కోపమొచ్చిందా? రానివ్వండి. నిన్నటినుంచీ ఆ మొహంలో రంగే లేదు.

మీరేం తక్కువ తిన్నారా? పాత ఇనప సామాన్లతనికి ఫోన్ చేశారు. సాయంత్రం బండి తెచ్చి మిషను పట్టుకుపొమ్మన్నారు. నాకు తెలియకుండా గుసగుసలాడాననుకున్నారు కదూ. ఆ మిషను పక్కన ఇన్నేళ్ళు అరిచి అరిచి, మీ గుసగుస వీధి చివర టైలరుకి కూడా వినిపిస్తుంది. గుంటలు వేసే కంటే ముక్కలైపోవడమే దానికి మర్యాద అన్నారట. దాన్ని అడిగారా ఒక్కమాటైనా?

నాకు భయం వేసిందండీ. నిజంగా. మిషను పోతుందని కాదు, ఆ చప్పుడు లేకపోతే మీరేమైపోతారోనని. ఆదివారం ఒక్కరోజు ఆగితేనే ఇంట్లో వస్తువులన్నీ అటూ ఇటూ మార్చేస్తారు. ఉప్పుడబ్బా కోసం సోమవారం దాకా వెతుక్కుంటాను. ఇక ప్రతిరోజూ ఆదివారమైతే, మీరూ బతకలేరు, నేనూ బతకలేను.

ఆ ఇనప సామాన్లతను వచ్చాడు. ఎందుకులెండి ఆ తెలియనట్టు మొహం? కింద ఆ చప్పుడు అతనిదే. ఇందాకటినుంచీ మీ చెవి అటే వేసి ఉంచారు, నేను చూడలేదనుకున్నారా?

బండి దిగగానే అతని చేతిలో ఒక పెళ్ళికార్డు పెట్టాను. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు, అక్షరాల మీద వేలు పెట్టాడు. "మా అమ్మాయి పెళ్ళికి ఇలాగే వేస్తారామ్మా?" అన్నాడు. ఆ అమ్మాయికి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయట. కాటా తీసుకురావడం మర్చిపోయి మిషను చుట్టూ ఒకటే తిరుగుడు. ఒకసారి తొక్కి చూస్తానంటే, సరే నాయనా తొక్కు అన్నాను.

అబ్బ, ఏం తొక్కుతున్నాడండీ. గట్టిగా ఒకటి, నీరసంగా ఒకటి, మధ్యలో కుంటినడక. అలా చూస్తారేం, సీసం అక్షరాలు తీశానా అనా? ఏమోనండీ, తీశానో లేదో. మిషన్లోనే ఉండిపోయాయేమో. నలుగుతాయంటారా?

అన్నట్టు, కాఫీతో పాటు నేనిచ్చిన ఆ లాయరమ్మాయి కార్డు ఇంకా మీ చేతిలోనే ఉందే. చించి పారేస్తారనుకున్నాను. మీ బొటనవేలు ఏం చేస్తోందో చూసుకున్నారా? ఇందాక వెనకవైపు ఉండేది. ఇప్పుడు ముందుకొచ్చి పెళ్ళికూతురి పేరు మీద తిరుగుతోంది. దాచకండి, చూసేశాను.

ఎక్కడికి లేచారు? కళ్ళజోడు నుదుటిమీదే ఉంది. ఏమన్నారు? అతన్ని తప్పుకోమనాలా? హమ్మయ్య, నోరు పెగిలింది. పెళ్ళానికి దక్కని మాట మిషనుకి దక్కింది. సర్లెండి, మెట్లు చూసుకుని దిగండి.

వెళ్ళిపోయారు. ఇక వినపడదు కాబట్టి చెప్తున్నా. అక్షరాల చట్రం ముందే తీసి బల్లమీద పెట్టి గుడ్డ కప్పాను. ఒక్క అక్షరం కూడా నలగలేదు. అతను మొదట బాగానే తొక్కాడు పాపం. కుంటినడకన తొక్కు నాయనా, ఆయన కిందికి దిగేదాకా ఆపకు అని చెప్పి పైకి వచ్చాను.

కింద చప్పుడు ఆగింది.

ఇదిగో, మళ్ళీ మొదలైంది. ఇది మీ కాలేనండీ, నిద్రలో విన్నా పోల్చుకుంటాను.

ఏంటండీ, కిందనుంచి ఆ కేకలు? మిగిలిన కార్డులా? కిటికీ పక్కనే ఉన్నాయి. ఇంకేం కావాలి? అట్టలా? ఏ అట్టలు?

దళసరివి, రోలరు వెనక అరలో ఉన్నాయి. చూసి ఒకటే పెట్టండి. మీ చెయ్యి మోటు.