ఓడలను దారి తప్పించిన గుర్రం

సముద్రం అవతలి ఎస్టేటు ఊరైన బటాంగ్ బెర్జుంటైలో ఎర్రమ్మ టీ కొట్టు ముందరి బల్ల మీద కూర్చుని, ఎత్తి పోసి కలిపిన తే తారిక్ టీ గ్లాసు మీది నురుగును మెల్లగా ఊది, బంగారయ్య మొట్టమొదట తాను చెప్పబోని విషయాలను ప్రకటించాడు.

"మూడు సంగతులు నన్ను అడగొద్దు. ఆ గుర్రం ఆఖరికి ఏటైందో అడగొద్దు. డాక్టరమ్మ నన్ను ఏటందో అడగొద్దు. ఆ ఉత్తరం ఊసు అసలే ఎత్తొద్దు."

"ఏ ఉత్తరం?" అంది ఎర్రమ్మ.

"అదే, ఎత్తొద్దన్నాను కదా!"

ఉత్తరమొకటి ఉన్నదని అంతవరకు అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసిన ఒకే ఒక్కడు, ఎస్టేటు గుమాస్తాగా పనిచేసి విరమించిన యోగేశ్వరన్, పత్రిక వెనుక నుంచి తల ఎత్తలేదు.

బంగారయ్య ముప్పై ఏళ్ళు దొరల గుర్రాలను సాకే సైసుగా పనిచేసినవాడు. అతని మాటలకు ఆ కొట్టులో ఒక మర్యాద ఏర్పడి ఉంది. అతడు ఏ సంఖ్య చెప్పినా వినేవాళ్ళు బేరమాడి తగ్గిస్తారు. తగ్గించిన తర్వాతనే కథ ముందుకు సాగుతుంది. ఆ రోజు మాత్రం బేరమాడని శ్రోత ఒకతె వచ్చింది. ఆమె సుమతి. క్లాంగ్ దగ్గర పిల్లలకు స్వారీ నేర్పే బడి నడుపుతుంది. మూడేళ్ళ కిందట బంగారయ్య సాకిన గుర్రానికి వచ్చిన చర్మరోగమే ఇప్పుడు ఆమె పొట్టి గుర్రానికి, ఆ పోనీకి, వచ్చింది. నెల రోజులుగా మాత్రలు వేస్తున్నది. పక్కులు రాలి కొత్త బొచ్చు వస్తున్నది. అయితే ఆ మాత్రలు ఎక్కువ కాలం వాడితే గిట్టలు చెడవచ్చునని ఎవరో చెప్పగా విని, భయపడి, ఇక ఆపవచ్చునా అని అడగడానికి వచ్చింది. బంగారయ్య ప్రతి మాటనూ ఫోనులో రాసుకుంటున్నది. అటువంటి శ్రోత దొరికి అతనికి చాలా కాలమైంది.

"మొదట కనిపెట్టింది నేనే తల్లీ. మొకం మీద పొక్కులు, గిట్టల పైన పక్కులు. గుర్రాల డాక్టరమ్మ ఇంకా కారు దిగనేదు, నేను సెప్పేసినాను. ఇది గజ్జి కాదు, దోమకాటు కాదు. ఇంటికి కాపలా పెట్టినోడే ఇంటోళ్ళని దొంగలనుకుని కొట్టీసే జబ్బు అన్నాను. దాని ఒంట్లో బలమే దాని తోలు మీద పడిపోనాది."

"డాక్టరమ్మ సెప్పినాక సెప్పినావా, ముందు సెప్పినావా?"

"ముందే ఎర్రమ్మొదినా! సర్లే, ఇద్దరం ఒక్కసారే అన్నాం అనుకో. తోలు ముక్క కోసి పరీక్షకి పంపినారు. రోజుకి వంద మాత్రలు రాసినారు."

"పదికి దించు," అంది ఎర్రమ్మ అలవాటుగా.

"లేదక్కా, అది నిజమే," అంది సుమతి. "మా పోనీ చిన్నది. దానికే రోజుకి నలభై."

తన సంఖ్య ఒకటి తగ్గకుండా నిలబడడం బంగారయ్యకే వింతగా తోచింది. ఆ ధైర్యంతో అతడు మరొక మెట్టు ఎక్కాడు.

"మాత్రలు మాత్రలే గానీ, నయం సేసింది నా నూనె. కొబ్బరినూనె, కస్తూరి పసుపు, వేపాకు, ఇంకో ఆకుంది, దాని పేరు సెప్పను. మూడు రోజులు రాసినాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? పక్కులు రాల్నాయి, నలభై బస్తాలు!"

"నాలుగు," అంది ఎర్రమ్మ.

"నాలుగే అనుకో, కానీ పెద్ద బస్తాలు. అప్పుడు బొచ్చు మొదలైనాది. పొద్దున్న దువ్వితే మద్యాన్నానికి మళ్ళీ మోకాళ్ళ దాకా వచ్చీసేది. ఆ బొచ్చుతో ఎస్టేటు కూలీల లైను ఇళ్ళకి రెండు వందల పరుపులు కుట్టించినాం."

"రెండు," అన్నాడు యోగేశ్వరన్ పత్రిక వెనుక నుంచి.

"ఒంట్లో ఆ కాపలావోళ్ళు ఉన్నారే, ఆళ్ళతో నేనే మాటాడినాను. గుర్రం సెవిలో నోరెట్టి, ఒరే, ఇది మీ ఇల్లేరా, కర్రలు దించండి అన్నాను. తెలుగులో సెప్పినా ఇన్నేదు, అరవంలో సెప్పినా ఇన్నేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది ఆస్ట్రేలియా గుర్రం కదా! ఇంగ్లీషులో ఒక్క కేకేసినాను. లోపలోళ్ళందరూ సెల్యూట్ కొట్టినారు. గుర్రం సెవులు రెండూ నిటారుగా లేచిపోనాయి, నేనే సూసినాను. ఆ తర్వాత దాని ఒళ్ళు ఎలా మెరిసిందంటే, ఏటొడ్డున మిణుగురులు సిగ్గుపడి దీపాలు ఆర్పీసుకున్నాయి. పోర్ట్ క్లాంగ్‌కి పోవాల్సిన ఓడలు ఈ మెరుపు సూసి, ఇదే రేవనుకుని ఇటు తిరిగీసినాయి. పదిహేడు ఓడలు! కంటైనర్లతో సహా!"

"ఒక్క పడవ," అంది ఎర్రమ్మ నవ్వుతూ.

సుమతి నవ్వలేదు. రాసుకున్నదంతా ఒకసారి చూసుకుని, ఫోనును సంచిలో పెట్టుకున్నది.

"ఓడల సంగతి నాకు తెలీదు మావా. నూనె సంగతి మాత్రం చాలు. ఇవాళ్టి నుంచి మాత్రలు ఆపేస్తాను."

బంగారయ్య నోటిలో పద్దెనిమిదో ఓడ సిద్ధంగా ఉంది. అది బయటికి రాలేదు. ఆ పిల్ల లేచి నిలబడడం, బండి తాళం చేతిలోకి తీసుకోవడం అతడు చూశాడు. ముఖం మీద మళ్ళీ పక్కులు కట్టిన చిన్న పోనీ ఒకటి, తానెన్నడూ చూడనిది, అతని కళ్ళముందు నిలిచింది.

"ఆపొద్దు."

"ఎందుకు మావా? మూడు రోజుల్లో..."

"ఆపొద్దన్నాను కదా! నూనెకి మెరుపొస్తాది, అంతే. రోగం పోదు. ఆ మాత్రలు డాక్టరే కొంచెం కొంచెంగా దించాల. గిట్టల భయం ఉంటే అదీ డాక్టర్నే అడుగు. నీకు నువ్వు ఒక్కటి కూడా తగ్గించొద్దు."

ఎర్రమ్మ గట్టిగా నవ్వింది. "మా నోళ్ళు పడిపోయేలా దించినా దిగనోడివి, నీకు నువ్వే సున్నాకి దించీసినావేటి!"

యోగేశ్వరన్ పత్రికను మడిచి బల్ల మీద పెట్టాడు. "ఓడలన్నీ తిరిగి రేవుకి పోయినట్టున్నాయి బంగారం. ఇంక ఆ పిల్లకి సెప్పు. నువ్వు మాత్రలు ఏ రోజు ఆపినావు?"

బంగారయ్య గ్లాసును పక్కకు జరిపాడు.

"పంతొమ్మిదో రోజు," అన్నాడు. "ఒళ్ళు నున్నగా మెరుస్తా ఉంది. నా నూనె మహిమే అనుకున్నాను. మాత్రలు డబ్బాలోనే ఉంచీసినాను, ఎవులికీ సెప్పనేదు. పది రోజులకి మళ్ళీ వచ్చినాది, ముందుకంటే ఎక్కువగా. ఆ రోజే పని మానీసి వచ్చినాను."

ఎర్రమ్మ అలవాటుగా నోరు తెరిచింది. ఆ సంఖ్యలో తగ్గించవలసినది ఏదీ లేదు. ఆమె అతని గ్లాసు తీసుకుని, అడగకుండానే మళ్ళీ నింపి తెచ్చింది. సుమతి ఫోను బయటికి తీసి నూనె వివరమంతా చెరిపివేసింది.

"ఆ గుర్రం ఆఖరికి..." అంది నెమ్మదిగా.

"అడగొద్దన్నాను కదమ్మా."

తనకు తెలియదని చెప్పడంకంటె అతనికి ఆ మాట తేలిక.

మూడేళ్ళ కిందట అదే బల్ల మీద డాక్టరమ్మ పంపిన ఆ ఇంగ్లీషు ఉత్తరాన్ని యోగేశ్వరన్ అతనికి చదివి, తెలుగులో చెప్పాడు. అందులో నాలుగే వాక్యాలు ఉన్నాయి. ఇది మిమ్మల్ని నిందించడానికి కాదు. మాత్రలు ఆపిన తేదీ తెలిస్తే, ఎంత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలో నిర్ణయించగలను. గుర్రం మరెవరి చేతి నుంచీ మాత్రలు తినడం లేదు. మీరు ఒకసారి వస్తే మేలు.

బంగారయ్య ఆ ఉత్తరాన్ని మడత చెడకుండా దాచాడు. జవాబు మాత్రం రాయలేదు.