ట్యాంకులో పులస

రండి రండి లోకనాథ్ గారూ, ఇలా బెంచీ మీద కూర్చోండి. సువార్తమ్మా, రేవు కమిటీ ప్రెసిడెంటు గారికో టీ, నాకో టీ, బుల్లబ్బాయికో టీ. వద్దంటున్నాడా? సరే, గ్లాసు పక్కన పెట్టు, తాగుతాడు. ఏవయ్యా బుల్లబ్బాయ్, వచ్చిన దగ్గర్నించి అలా నేల చూపులు చూస్తావేంటి? నువ్వలా కూర్చుంటే నాకు మాట సరిగ్గా రాదు.

"మీకు మాట రాకపోవడమేంటండీ, చోద్యం కాకపోతే!"

చూశారా లోకనాథ్ గారూ, సువార్తమ్మకి కూడా నేనంటే వేళాకోళమే.

"అది సరేగానీ చలపతి గారూ, ఆ పులస చేప కథ మళ్ళీ చెప్పండి. ఈసారి ఫోన్లో రికార్డు చేస్తాను. సాయంత్రం కమిటీ కూర్చుంటోంది. బుల్లబ్బాయి పడవని రేవులో ఉంచాలా, ఆ చోటు ఇంకొకరికివ్వాలా తేల్చాలి. మీ మాట కూడా వినిపిస్తాను."

కమిటీలోనా? అక్కడెందుకండీ, ఇదేదో టీ దగ్గర చెప్పుకునేది... సరే, ఆన్ చేశారుగా. చెబుతాను.

మన బుల్లబ్బాయి దగ్గరో చిన్న బోటు ఇంజను ఉందండి, పడవ వెనక తగిలించేది, చంకలో పెట్టుకుని నడిచెళ్ళిపోవచ్చు. ఎప్పుడో యానాంలో పాతది కొన్నాడు, చెడిపోతే పశువుల సావిట్లో పడేశాడు. దాని మీద కోడి పొదిగిందంటే చూసుకోండి. పాపం ఇతనికి భుజం పట్టేసి గెడ వేసి పడవ తొయ్యలేకపోతున్నాడని నేనే అడిగి ఇంటికి తెప్పించాను. పంపుసెట్ల షాపు నడిపే చలపతికి ఇదో లెక్కా? ప్లగ్గు తీసి మసి గీకాను, కార్బొరేటర్లో గడ్డకట్టిన జిగురంతా కడిగి సన్నతీగ పెట్టి పొడిచాను, నీళ్ళు తోడే రబ్బరు చక్రం చీలికలైపోతే కొత్తది వేశాను. పెట్రోల్లో ఆయిలు కలిపి తాడు లాగానండి.

"స్టార్టయిందా?"

స్టార్టా! ఒక్క లాగుడికి అందుకుంది. వీధిలో కుక్కలన్నీ అవతలి ఊరికి పోయి ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవకి బిగించి, జనాన్నెక్కించుకుని బయల్దేరాం. నేను వెనక కూర్చుని స్పీడు పెంచే మర కొంచెం తిప్పాను, అంతే, ఏటిగట్టు మీద కాకినాడ బస్సు వెనకబడిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి దణ్ణం పెట్టాడు. ఇంకొంచెం తిప్పాను, పడవ నీళ్ళకి పైన లేచింది, కిందనించి గోదావరి విడిగా పోతోంది, మేం విడిగా పోతున్నాం.

"మరి నీళ్ళు తగలకుండా ఇంజను ఫ్యాను దేన్ని తోసిందండీ?"

గాలిని తోసింది సువార్తమ్మా! ఆ గాలి ఆత్రేయపురం దాకా వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళు కుండల మీద వేసుకున్న పూతరేకులన్నీ ఎగరగొట్టేసింది. సాయంత్రానికి అవి పిఠాపురంలో రాలాయట. గుడికొచ్చిన భక్తులు ప్రసాదమనుకుని కళ్ళకద్దుకున్నారు.

"హహ! కానివ్వండి, కానివ్వండి. ఇంజను ఆగిపోయిందన్నారు కదా, అది చెప్పండి."

ఆగిందండి. నడిగోదాట్లో ఆగింది. తాడు లాగాను, రాలేదు. మళ్ళీ లాగాను, రాలేదు. పడవలో అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను బాగుచేసిన ఇంజను ఆగడమేంటండీ? అందుకని... పెట్రోలు పోసిందెవరు? బుల్లబ్బాయి. అదే అడిగాను. నీళ్ళు కలిపావా అని అందరి ముందూ అడిగాను.

బుల్లబ్బాయ్, ఇలా చూడకయ్యా. కథన్నాక ఏదో చెబుతాం కదా.

"ట్యాంకు మూత తీశారు, అప్పుడు?"

తీశానండి. చూస్తే పెట్రోలేది? చెంబెడు నీళ్ళనుకున్నాను, కాదు, బిందెడు. వంచుతుంటే వస్తూనే ఉన్నాయి. సగం గోదావరి ఆ ట్యాంకులోనే ఉంది, బొండాలమ్మేవాడొకడు అందులో మొహం కూడా కడుక్కున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అడుగున ఏదో తళుక్కుమంది. చెయ్యి పెట్టబోయాను, టప్పుమని బయటికి దూకింది పులస! నిక్షేపంలాంటి పులస, పొట్టనిండా జన, గుడ్లే గుడ్లు! సముద్రం నించి ఎదురీదుకుంటూ వచ్చి దారి తప్పి మన బుల్లబ్బాయి ట్యాంకులోకి దూరిందండి!

"హహహ! ఒరే బాబూ, నవ్వలేక కడుపు నొప్పొస్తోంది!"

ఇంక ఆపేద్దాం లోకనాథ్ గారూ, మా ఆవిడొస్తోంది... అదేంటి కనకం, షాపు వదిలేసి నువ్విక్కడికొచ్చావేంటి?

"మీ పులస షాపు దాకా వినిపించిందండీ. నాదొక్కటే ప్రశ్న. బయల్దేరేముందు ఇంజనుకి పూజ చేసి, పెట్రోలు మూత మీద తడి పసుపు ముద్ద అద్ది బొట్టు పెట్టిందెవరు?"

నేనే. కొత్తగా తిరగబోయే ఇంజనుకి బొట్టు పెట్టకుండా ఎవరైనా...

"ఆ మూతకి గాలాడే సన్నచిల్లు ఉంటుందనీ, అది మూసుకుపోతే ట్యాంకు నిండా ఉన్నా పెట్రోలు కిందికి దిగదనీ నాకు చెప్పిందెవరు?"

కనకం, నెమ్మదిగా. అందరూ వింటున్నారు.

"వినాలనే చెబుతున్నానండీ. మర్నాడు పొద్దున్నే పెరట్లో కూర్చుని, ఆ చిల్లులో ఎండిన పసుపుని చీపురుపుల్లతో తీసింది మీరు కాదూ? తీశాక అదే పెట్రోలుతో ఇంజను గిర్రున తిరగలేదూ? అది తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఇతన్ని నీళ్ళు కలిపేవాడంటూ కథలు చెబుతున్నారా?"

...సువార్తమ్మా, నవ్వు ఆపేశావేంటమ్మా? నవ్వాల్సింది ఇప్పుడు. నన్ను చూసి. లోకనాథ్ గారూ, మీరూ నవ్వండి. బుల్లబ్బాయ్, ఏదైనా అనవయ్యా. తిట్టవయ్యా.

"నన్నేమన్నా పరవాలేదండి బాబుగారూ. మా మనవరాలు తబిత బడికెళ్ళనంటోందండి. పులస పిల్ల, పులస పిల్ల అని పిలుస్తున్నారంట."

ఎంత పాపిష్టి నోరు నాది! బుల్లబ్బాయ్, నేను... ఎవరది, బండి ఆపుతున్నారు? మనూరి వాళ్ళలా లేరే.

"చలపతి గారంటే మీరేనాండీ? మాది పెనుగొండ. మా వాట్సాప్ గ్రూపులోకి కూడా వచ్చిందండీ మీ పులస కథ. ఇటు పనుండి వచ్చాను. మీ నోటితో ఒక్కసారి చెబుతారా?"

కూర్చోండి. చెబుతాను. లోకనాథ్ గారూ, ఫోను ఆపేశారా? మళ్ళీ ఆన్ చేయండి. ఇందాకటిది కాదు, ఇది వినిపించండి కమిటీలో.

ఇదిగో, ఇతను బుల్లబ్బాయండి, పడవా ఇంజనూ ఇతనివే. పాడైపోయిన ఇంజన్ని బాగుచేసింది నేను. బాగానే చేశాను. మూత మీద పసుపు అద్ది గాలిచిల్లు మూసేసింది కూడా నేనే. అందుకే నడిగోదాట్లో ఆగింది. పెట్రోల్లో నీళ్ళు లేవండి. పులసా లేదు.

"మరి ఆ తర్వాత ఏమైందండీ?"

ఆ తర్వాత... ఈయన ఆ పట్టేసిన భుజంతోనే గెడ వేసి మమ్మల్నందరినీ ఒడ్డుకి చేర్చాడండి. నేను దారి పొడుగునా తిడుతూ కూర్చున్నాను.

"అంతేనాండీ?"

అంతేనండి.

"అయ్యో, పులసదే బాగుందండీ."

బాగుంటుందని తెలుసండి. అందుకే ఇన్నాళ్ళూ అదే చెప్పాను.