గాజుల శెట్టి పట్టిన చెయ్యి

ఎస్తేరుకి ఆ రోజు కాలు నిలవలేదంట. 1962 జూన్ పద్నాలుగు, గురువారం. మృగశిర కార్తె వచ్చి వారమైనా చినుకు లేదు, పడమటి గాలికి వీధంతా దుమ్ము. ఆదివారం కూతురు రూతు పెళ్లి. ఆ వారమే హైకోర్టు తీర్పొచ్చింది, కొట్టు తెరిచాక ఎవరొచ్చినా ఒకటే మర్యాద చెయ్యాలని. ఆరేళ్లు ఆ కేసు నడిపింది ఎవరనుకున్నారు, ఈ మాలపల్లి ఎస్తేరే. సంగతేమంటే, గాజుల కొట్టు మునెయ్యశెట్టి ఊళ్లో ఆడవాళ్లని పీట ముందు కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, మెటికలు నొక్కి గాజులు ఎక్కించేవాడు. ఆ గాజులు ఎక్కడో ఉత్తరాది నుంచి రైల్లో వచ్చేవి, ఆ రైలు సంగతి చెప్తే తెల్లారుతుంది, ఉండనీండి. మాలపల్లి వాళ్లకైతే గాజులు కొట్టు మెట్టు మీద పెట్టేవాడు. వాళ్లే తొడుక్కోవాలి, పగిలితే వాళ్ల ఖర్మ.

ఎస్తేరు ఇంట్లోకీ వీధిలోకీ పదిసార్లు తిరిగి, చివరికి కూతుర్ని తీసుకుని ఆ మెట్టెక్కింది. నా బిడ్డకి మీ చేత్తో తొడగాలి శెట్టిగారూ అంది. శెట్టి తక్కువవాడా? "ఒకటే మర్యాద అన్నారుగా! ఇవాళ్టి నుంచి ఎవరి చెయ్యీ పట్టను, అందరూ మీరే తొడుక్కోండి" అన్నాడంట. ఇంకేముంది, కొట్టంతా గాజు పెంకులే. పాతవి తీసేసి కూర్చున్న మునసబుగారి భార్య రంగనాయకమ్మకి వేలు తెగింది. "ఓసి ఎస్తేరూ, మీకెట్టా వస్తుందే ఇది?" అంటే, "మెట్టు మీద నేర్చుకున్నామమ్మా" అని చెయ్యి చాపింది. రంగనాయకమ్మ ఇటు చూసి, అటు చూసి, చెయ్యిచ్చింది. డజను గాజులు, ఒక్కటి చిట్లితే ఒట్టు. రెండో చెయ్యి చాపేసరికి ఎస్తేరు లేచి నిలబడింది. "ఆ చేతికి, శెట్టిగారు నా కూతురికి తొడిగాకమ్మా."

ఒక చెయ్యి నిండుగా, ఒక చెయ్యి బోసిగా ముత్తైదువ ఇంటికెట్టా పోతుంది, మీరే చెప్పండి? "శెట్టీ! హైకోర్టు మాట వినకపోతే మానె, నా మాట విను. పట్టుకో ఆ పిల్ల చెయ్యి!" అని అరిచిందంట. పట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా గాజు చిట్లనివ్వనివాడు, మొదటిదే పగలగొట్టాడు. "ఏం ఫర్వాలేదు, మెల్లగా కానీండి" అంది ఎస్తేరు.

తర్వాత చూపు మందగిస్తే ఆ రూతునే పీట దగ్గర కూర్చోబెట్టుకున్నాడు శెట్టి. పోయేటప్పుడు కొట్టు కొడుక్కిచ్చాడు, పీట రూతుకిచ్చాడు. కొడుకు కొట్టు తీసుకుని కూర్చున్నాడు, ఆడవాళ్లు పీట ఎక్కడుంటే అక్కడికి పోయారు. ఎస్తేరుకా? ఏమీ రాలేదు, తీర్పు కాగితం కూడా వకీలు దగ్గరే ఉండిపోయింది. అడిగితే, "శెట్టి చేతిలో గాజు పగలడం చూశాను, చాల్లే" అనేదంట.