మొదటి కూతకు జవాబు

నాంపల్లిలో ఒక దవాఖాన గది. మాట పడిపోయిన తండ్రి కళ్లు మూసుకుని మంచం మీద ఉన్నాడు. అక్క కిటికీ దగ్గర నిలబడింది. తమ్ముడు తలుపు దాకా పోతున్నాడు, మళ్లీ వెనక్కి వస్తున్నాడు.

"కిటికీ మూయక్కా. అబిడ్స్ పోయే బస్సులన్నీ మన గదిలకెల్లే పోతున్నట్టుంది."

"జరసేపు ఉండనీ. పొద్దుగాల ఆ వేపచెట్టు మీద కోయిలను చూసిన. ఇంకా కూయలేదు."

"కోయిల కోసమా నువ్వు గాడ నిలబడ్డది?"

"బాపు సంగతి తెల్వదా? చేన్ల ఏ పని మీదున్నా, ఏడాదిల మొదటిసారి కోయిల కూసిందంటే, నాగలైనా ఆపి అట్లనే కూసి జవాబిస్తుండె. అది రెచ్చిపోయి ఇంకింత గట్టిగ కూస్తుండె."

"గప్పుడు గొంతుండె. డాక్టర్ ఏమన్నడో నువ్వు గూడ విన్నవ్ గదా."

"విన్న. గందుకే కిటికీ తెరిచిన."

"నాకైతే గీడ నిలబడబుద్దైతలేదు. చాయ్ తాగొస్త."

"ఆగు, ఆగు! కూసింది. విన్నవా?"

"ఔ, విన్న. ఇగ మూయి."

కాసేపటికి గదిలోనే సన్నగా, బొంగురుగా ఇంకో కూత వినిపించింది.

"అక్కా, నువ్వు కూయకు. సిస్టర్ వచ్చి తిడ్తది."

"నేను కూయలేదురా. నువ్వే అనుకున్న."

"నేనెందుకు కూస్త?"

బయట కోయిల ఈసారి రెచ్చిపోయి కూసింది. ఇద్దరూ మంచం వైపు తిరిగారు.

"అక్కా, ఆ కిటికీ రెండో రెక్క గూడ తెరువు."