తనకు తానే జీతమిచ్చుకున్న శెట్టి

ప్రొద్దుటూరులో అమ్మకం పన్ను ఆఫీసుకు ఎదురుగా ఫకీర్ సాహెబ్ టీ అంగడి ఉంది. ఆఫీసు తెరిచేది పదిన్నరకు. నోటీసు అందినవాళ్లు తొమ్మిదికే వచ్చి ఈ బల్లల మీద కూర్చుంటారు. టీ చెప్పి, తాగడం మరిచిపోతారు.

1959 జూన్ ముప్పై, మంగళవారం నాడు అలా కూర్చున్నవాడు నూర్ అహ్మద్. జమ్మలమడుగులో రేకు పెట్టెలు చేసి అమ్ముకుంటాడు. మూడేండ్ల లెక్కలు తెమ్మని అతనికి నోటీసు వచ్చింది. ఒళ్లో గుడ్డసంచి, అందులో లెక్కల పుస్తకం, ముప్పైఆరు చీటీలు ఉన్నాయి. ఆ చీటీలు రాయమని వారం కిందట ఇదే బల్ల మీద చెప్పినవాడు ఓబుళశెట్టి. ఇత్తడి సామాన్ల వ్యాపారం చేసినవాడు. ఇప్పుడూ ఎదురుగానే ఉన్నాడు. పక్కన చాపాడు బస్సు కోసం ఆదినారాయణ రెడ్డి కాచుకొని ఉన్నాడు.

"భయపడాకు నూరూ," అన్నాడు ఓబుళశెట్టి. "నాకూ మొదట్లో నీ మాదిరే. గల్లాపెట్టెలో చెయ్యి పెట్టేది, ఇంటికి పంపేది. బియ్యానికి అయిదు, నూనెకు రెండు, పెండ్లి చదివింపులకు పది. యాడా రాసింది లేదు. మన గల్లా, మన చెయ్యి, అడిగేటోడెవడు? ఆ ఆఫీసరు అడిగినాడు. 'ఏమయ్యా, నీ పుస్తకం చూస్తే నెలకు మున్నూరు అమ్మకం, నీ ఖర్చు చూస్తే నన్నూరు. ఆ నూరు యాడిది?' అన్యాడు. ఇంకొకడైతే ఆడనే కూలబడిపోవును. నేనేం జేసినానో తెల్సా?"

"ఏం జేసినావు మామా?" నూర్ అహ్మద్‌కు తెలుసు. అయినా మళ్లీ వినాలని ఉంది.

"జీతం పెట్టుకున్యా. నాకు నేనే. ఆ నూరూ నా జీతమేనంటి. యజమాని ఓబుళశెట్టి ఒకటో తేదీ ఇస్తాడు, గుమాస్తా ఓబుళశెట్టి స్టాంపు మీద సంతకం పెట్టి తీసుకుంటాడు. మూడేండ్ల చీటీలు కూర్చున్నకాడనే రాసి పారేసినా."

"ఇచ్చే చెయ్యి ఏది, తీసుకునే చెయ్యి ఏదప్పా?" అన్నాడు ఆదినారాయణ.

"లక్ష్మిని ఎడమ చేత్తో తీసుకుంటారా రెడ్డీ? కుడిచేత్తో ఇచ్చి, ఆ చెయ్యి కడుక్కోని, మళ్లా దాంతోనే తీసుకున్యా. ఇను. ఒక దినం గుమాస్తా పులివెందులకు పెండ్లికి పోయి, బస్సు దొరక్క, మధ్యాన్నానికి వచ్చినాడు. యజమాని ఊరుకుంటాడా? రూపాయి కోసినాడు. గుమాస్తాకు రోషమొచ్చె. 'నూట ఇరవై చేస్తావా, పొమ్మంటావా' అని అంగడి ముందర సమ్మెకు కూర్చున్యాడు. మూడు దినాలు! పొద్దున లోపల గద్దె మీద నేను, ఎండెక్కినాక బయట అరుగు మీద నేను."

"మరి అన్నం?"

"యజమానికి ఇంటి నుంచి క్యారేజీ. గుమాస్తా పస్తు. ఒకే కడుపు రెడ్డీ, సగం నిండేది, సగం ఎండేది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? బజారంతా మూసినారు. ఆ ఆఫీసరే వచ్చి నాకూ నాకూ నడుమ కూర్చోని రాజీ మాట్లాడినాడు. కుదర్లే. కడప నుంచి కలెక్టరు జీపులో వచ్చినాడు. కుదర్లే. మీరిద్దరూ హైదరాబాదుకు రాండని తంతి వచ్చింది. ఎర్రగుంట్లలో రైలెక్కినా. రెండు టికెట్లు! యజమానికి సెకండు క్లాసు, గుమాస్తాకు మూడో తరగతి. గుత్తి దాకా మెత్తల మీద, ఆడ దిగి పరిగెత్తి చెక్క బల్ల మీద. టికెట్లు చూసేటాయన 'రెండోవాడు యాడ?' అంటాండాడు. 'జీతం చాల్లేదని అలిగి దిగిపోయినాడు సామీ' అన్యా."

ఆదినారాయణ నవ్వాడు. నూర్ అహ్మద్ నవ్వలేదు. అతను ఆఫీసు తలుపు వైపు చూస్తున్నాడు.

"హైదరాబాదులో పెద్దపెద్దోళ్లు పద్దెనిమిది మంది నా చీటీలు ముందరేసుకోని వారం దినాలు చదివినారు. చదివి, లేచి నిలబడినారు. 'శెట్టీ, ఇంత శుద్ధమైన లెక్క ఈ రాష్ట్రంలో లేదు, కట్టాల్సింది నువ్వు కాదు, మేము' అని వెయ్యిన్ని రెండునూర్లు నా చేతిలో పెట్టినారు. అందరికంటే పెద్దాయన మెట్లు దిగి వచ్చి నా చెప్పులు తుడిచి ఇచ్చె. గుమాస్తాకు ఇప్పుడు నెలనెలా పింఛను వస్తాండాది. యజమానికి ఈర్ష్య!"

అంతలో బంట్రోతు వచ్చి ఆఫీసు తలుపు తెరిచాడు. నూర్ అహ్మద్ సంచి పట్టుకొని లేచాడు.

అంతవరకూ మాట్లాడనివాడు ఫకీర్ సాహెబ్. పొయ్యి దగ్గరి నుంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చి ఓబుళశెట్టి ముందు పెట్టాడు.

"నీళ్లు తాగు శెట్టీ. గొంతు ఎండింటాది. నూరూ, పోయే ముందర దాని మీద పేరు చదువు."

ఇత్తడి కొన్నవాళ్లకు అంగడివాడే ఉలితో పేరు కొట్టి ఇవ్వడం ఊరి పద్ధతి. చుక్కచుక్కగా కొట్టిన అక్షరాలు తోమి తోమి అరిగినా కనబడుతున్నాయి.

"వసంతమ్మ," అని చదివాడు నూర్ అహ్మద్. "ఎవరు?"



"శెట్టి ఇంటామె. శెట్టి తన చేత్తో కొట్టిన పేరు," అన్నాడు ఫకీర్ సాహెబ్. "పన్ను బాకీకి సర్కారు వేలమేసింది. అంగడి సామాను చాల్లేదు. ఇంట్లోవి కూడా తెచ్చినారు. ఆ దినం ఒకటిన్నర రూపాయికి పాడినా. దాంతో నీళ్లు పోస్తాండా, ఎవరికీ చెప్పలే. శెట్టీ, ఆడ వాకిలి తెరిచినారు. వీనికి పెండ్లాం ఉండాది, ముగ్గురు బిడ్డలుండారు. చెప్పేదుంటే ఇప్పుడు చెప్పు."

 ఓబుళశెట్టి నూర్ అహ్మద్ వైపు చెయ్యి చాపాడు.

"ఆ చీటీలు ఇట్లియ్యి."

పై చీటీ తీసి నూర్ అహ్మద్ కళ్ల ముందు పెట్టాడు. "తేదీ ఏముండాది?"

"యాభైఆరు, ఏప్రిల్ ఒకటి."

"స్టాంపు మీద?"

"పది నయాపైసలు."

"నయాపైసలు పుట్టింది ఎప్పుడు?"

నూర్ అహ్మద్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. నయాపైసలు వచ్చింది యాభైఏడు ఏప్రిల్‌లో. అంతకు ముందు అణాలే.

"మొదటి పన్నెండూ అంతే," అన్నాడు ఓబుళశెట్టి. "పాత అణాల స్టాంపులు ఇప్పుడు యాడ దొరుకుతాయి? నాకూ దొరకలే. నేనూ ఇవే అంటించినా. ఆయన కోప్పడలేదు నూరూ. స్టాంపు మీద వేలు పెట్టి చూపించినాడు, అంతే. ఆ నూరు రూపాయలకు లెక్క లేదని ఒప్పుకోనింటే, దానికి పన్ను కట్టి బయటపడేటోన్ని. దొంగ చీటీలు పెట్టినాక పుస్తకమంతా దొంగదే అని కొట్టేసి, ఆయనకు తోచినంత రాసుకున్యాడు. గిరాకీల కాడ తీసుకున్న పన్ను కూడా ఆ గల్లాలోనే ఏసింటి. అదీ బియ్యానికీ నూనెకే పోయింది. కట్టేదానికి ఏముండాది?"

"మరి ఈ పిల్లోనికి అదే పని ఎందుకు చెప్తివి?" ఆదినారాయణ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

"చెప్పినంత సేపూ అంగడి తెరిచినట్టుంటాది రెడ్డీ. ఎవరో వచ్చి ఎదురుగా కూర్చోనింటారు గదా. అదొకటే మతికుంటాది, విన్నోడు ఏమైపోతాడో ఉండదు."

నూర్ అహ్మద్ చీటీలు లాక్కున్నాడు. తిట్టలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి, కట్టంతా ఒకేసారి లోపల పెట్టాడు. అవి త్వరగా అంటుకోలేదు. ఫకీర్ సాహెబ్ పుల్లతో విడదీశాడు.

"ఇప్పుడు పోయి ఏమని చెప్పాల?"

"గల్లాలో ఉండేది నాదే అనుకున్యా, ఇంటికి ఎంత కావాలంటే అంత తీసుకున్యా, రాయలేదు అని చెప్పు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పాకు," అన్నాడు ఓబుళశెట్టి. "నేను చేసిన పాపం ఆ ఎక్కువ మాటే."

నూర్ అహ్మద్ పుస్తకం ఒక్కటే పట్టుకొని రోడ్డు దాటాడు.

చాపాడు బస్సు వచ్చి పోయింది. ఆదినారాయణ ఎక్కలేదు. ఓబుళశెట్టి చెంబు పైకెత్తి నీళ్లు తాగి, పేరు గోడ వైపుకు తిప్పి పెట్టాడు. మధ్యలో నోటీసు పట్టుకొని ఎవరో వచ్చి, "ఇదేనా ఆఫీసు?" అని అడిగారు. "ఎదురుగా," అన్నాడు. మరేమీ చెప్పలేదు.

నూర్ అహ్మద్ ఒంటిగంటకు బయటికి వచ్చాడు. 

"నూట నలభై కట్టమన్యారు. నాలుగు వాయిదాలు. రేకు కత్తిరించే మిషను అమ్మాల." కొంచెం ఆగి అన్నాడు: "అంగడి జోలికి రామన్యారు."

"పుస్తకం వెనక్కి ఇచ్చినారా?"

"ఇచ్చినారు."

"ఇచ్చినారా?" అని మళ్లీ అడిగాడు ఓబుళశెట్టి. చేతిలోకి తీసుకొని పేజీలు తిప్పాడు. అతని పుస్తకం ఇంతవరకూ తిరిగి రాలేదు. చివర రాయని పేజీ దగ్గర ఆపి, అక్కడే వేలు పెట్టి పుస్తకం ఇచ్చాడు.

"రేపు ఒకటో తేదీ నూరూ. నీకు ఎంత జీతమో ముందు రాయి. ఆ తర్వాతే గల్లా తెరువు."