సక్కెర లేదని రాసినాను

"తాతా, ఫ్యాక్టరీలో నువ్వు ఏం పని చేసేవాడివి?" అంటివే పాపా. నీళ్ళు సూసే పని మే. నవ్వబాక.

చిత్తూరు కాడ సక్కెర పేక్టరీ ఉండె, ఇప్పుడు మూతపడిందిలే, దాని ల్యాబ్‌లో ఉంటి. బాయిలర్ ఆవిరితోనే టర్బైన్ తిరిగేది, సెరుకురసం కాగేది. ఆ ఆవిరి సల్లారి నీళ్ళై మళ్ళా బాయిలర్‌కే వస్తాది. యాడన్నా గొట్టం కారి దాంట్లో సక్కెర కలిసిందనుకో, బాయిలర్‌లో నీళ్ళు పాల మాదిరి పొంగి, ఉప్పూ మడ్డీ ఆవిరెంబడి ఎగిరిపోయి టర్బైన్ రెక్కలకి అంటుకుంటాయి. ఇనుమును తినేస్తాయి.

సక్కెర ఉంటే పరీక్ష గొట్టంలో ఊదారంగు వలయం వస్తాది. ఒకనాడు వచ్చింది. మళ్ళా సూస్తే మళ్ళా వచ్చింది. మేనేజరుకు సెప్తే, సెరుకు బండ్లు రోడ్డుదాకా నిలబడుండాయి, ఇప్పుడు ఆపితే రైతులు ఊరుకోరు, లేదని రాయి అన్నాడు. రాసినాను. ఒక వారం... యాడ వారం, ఆ సీజనంతా రాసినా. అప్పుడు మీ అవ్వకి గుండె ఆపరేషన్, తిరుపతి ఆస్పత్రికీ ఇంటికీ తిరగతా ఉంటి. పని పోతాదని బయం. సాకు సెప్పడంలేదులే, జరిగింది సెప్తా ఉండా.

ఇంగొక పొద్దు టర్బైన్ అదిరి రెక్క తెగింది. మూత తీసి సూస్తే రెక్కలన్నీ సున్నం పూసినట్ల తెల్లగా ఉండాయి. గీకితే కింద గుంతలు గుంతలు.

టర్బైన్ నడిపేది ఖాదరన్న. రంజాన్ వస్తే మీ నాయనకు సేమ్యా పాయసం తెచ్చేవాడు. సరిగ్గా నడపలేదని తప్పంతా ఆయన మీద పెట్టి, పనిలోంచి తీసేసినారు. పోతా పోతా ల్యాబ్‌కి వచ్చినాడు.

"నీళ్ళు బాగుండెనా అప్పా?"

"బాగుండె అన్నా" అంటి.

నా మొగం సూసినాడు. తల ఊపి ఎల్లిపోయినాడు.

తర్వాత తిరుపతిలో ఆటో తోలినాడంట. అలిపిరికి ఎన్నిసార్లు పోయినానో, ఒక్కతూరి ఆయన ఇంటికి పోలేదు. సనిపోయినాడని తెలిసినాక పోయినేడు పోతి. ఆయన బార్య ముందర కూసోని ఉన్నదంతా సెప్పినాను. తిట్టలేదు పాపా ఆయమ్మ. టీ పెట్టిచ్చి, మెల్లిగా అనింది:

"ఆయనకి ఆ పొద్దే తెలుసన్నా. నీ గురించే, ఆయప్ప ఇంట్లో రోగం పెట్టుకోనుండాడు, ఆయన్ని ఎవురూ ఏమీ అడగబాకండి అన్నాడు."

ఇన్నేండ్లూ ఆయనకి తెలిసే... నేనేమో మొగం తప్పించుకోని...

ఏందోలే. నువ్వు సల్లగుండాల పాపా. పో, అన్నం తినుపో.